భాషలు తగ్గితే సులువు ఎవరికి?

పాలమూరు పల్లెల్లో భూమి తగాదా ముదిరి పాత రికార్డుల దాకా వచ్చిందంటే కొత్త మనిషి ఒకరు అవసరమవుతారు. వకీలు ఎలాగూ ఉంటాడు, సర్వేయరు ఎలాగూ వస్తాడు. ఇప్పుడు కావలసింది ఉర్దూ చదవగల పెద్దాయన. తాత పేరిట ఉన్న నిజాం కాలపు భూమి రికార్డు, సేత్వార్ నకలు చేతిలో ఉంటుంది గానీ, అందులో తమ ఇంటిపేరు ఏ వరసలో ఉందో మనవడికి తెలియదు. పెద్దాయన అద్దాలు తుడుచుకుని కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదువుతాడు. ఇది ఖుష్కి, అంటే మెట్ట. ఇది తరి, నీళ్లు పారే పొలం. ఇది గైరాన్, పశువుల మేతకు వదిలిన నేల. మాటలు కొత్తవేం కావు, ఊళ్లో పెద్దల నోట ఇప్పటికీ నలుగుతున్నవే. అందనిది లిపి. ఒక్క నుక్తా అటూ ఇటూ అయితే ఖుదా కాస్తా జుదా అయిపోతాడని ఉర్దూలో ఒక నానుడి ఉంది. చుక్క అక్షరం పైన ఉంటే దేవుడు, కింద ఉంటే ఎడబాటు. అలాంటి చుక్క మీద ఇవాళ రెండెకరాల చెల్క ఆధారపడి ఉంటుంది.

ఆ కాగితం పుట్టింది సులువు కోసమే. హైదరాబాద్ సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం ఉండేవారు. సర్కారు వ్యవహారం మాత్రం ఫారసీలో నడిచేది. 1884లో ఫారసీని తీసి ఉర్దూను కూర్చోబెట్టారు. ఔరంగాబాదు నుంచి నల్లగొండ దాకా ఒకే తీరు పద్దులు, ఒకే భాషలో హుకుంలు. మూడు భాషలు నేర్చుకునే బెడద గుమాస్తాకు తప్పింది. బెడద మాత్రం ఎటూ పోలేదు, ఆ మూడు భాషల రైతుల మీదికి మళ్లింది. అర్జీ రాయించాలంటే ఉర్దూ తెలిసినవాణ్ని బతిమాలాలి, దానికి వచ్చిన జవాబు చదివించుకోవాలన్నా మళ్లీ వాడి గడపే తొక్కాలి.

ప్రపంచంలో భాషలు తక్కువైతే బతుకు సులువవుతుందా అన్న ప్రశ్నను ఈ కాగితం పక్కన పెట్టుకుని చూడటం మంచిది. ఇది ఊహకు వేసుకున్న ప్రశ్న కూడా కాదు. ఇవాళ లోకంలో దాదాపు 7,000 భాషలు ఉన్నాయి. జనంలో సగం మందికి తల్లిభాషలు అందులో ఓ రెండు డజన్లే. మిగిలిన వాటిలో చాలా భాషలు ఇంట్లో ముసలివాళ్ల దగ్గరే ఆగిపోతున్నాయి. కనీసం 40 శాతం భాషలు ప్రమాదంలో ఉన్నాయని యునెస్కో అంచనా. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోతే, ఆమెతో పాటు బో అనే భాష మొత్తం పోయింది. అంటే ఎవరూ పనిగట్టుకుని పిలుపు ఇవ్వకుండానే లెక్క తగ్గుతోంది. తగ్గిన మేరకు బతుకు సులువైందా?

సులువవుతుందనేవాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. మందు డబ్బాలోని కాగితం, విత్తన సంచి మీది హెచ్చరిక, బ్యాంకు పంపే మెసేజ్, వ్యవసాయ పరిశోధన, కంప్యూటరు చదువు, ఇవన్నీ ఏదో ఒక పెద్ద భాషలో ముందు పుట్టి, చిన్న భాషలకు ఆలస్యంగా వస్తాయి. కొన్నిటికి ఎప్పటికీ రావు. అందరికీ ఒకే భాష ఉంటే ఆ ఆలస్యం ఉండదు. పుస్తకం అచ్చేసేవాడికి గిరాకీ పెరుగుతుంది, ఉద్యోగం వెతుక్కునేవాడికి ఊళ్లు పెరుగుతాయి. 1887లో జామెన్‌హాఫ్ ఎస్పెరాంటో అనే కొత్త భాషను కట్టి జనం ముందు పెట్టింది కూడా ఈ ఆశతోనే. ఆయన పుట్టిన బియాలిస్టోక్‌లో, ఇప్పటి పోలండ్ పట్నంలో, నాలుగైదు భాషలవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ బతికేవారు.

అయితే భాష ఎక్కడ అడ్డం పడుతుందో, ఎక్కడ పడదో దగ్గరికెళ్లి చూస్తే ఈ వాదన మెల్లగా వదులవుతుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో బీహారీలు చాలామంది ఉన్నారు. వచ్చిన కొత్తలో వాళ్లకు తెలుగు ముక్క రాదు, మిల్లు గుమాస్తాకు వచ్చింది హైదరాబాదీ హిందీ. వారం తిరిగేసరికి పని సాగిపోతుంది. కాంటా, బస్తా, హమాలీ, లోడు, తరుగు, తేమ అంటూ ఓ వంద మాటలుంటే సీజను గడిచిపోతుంది. అందులో సగం మాటలు ఇరుపక్షాలకూ ముందే తెలిసినవి. ఒకప్పుడు పాలమూరు లేబరు బొంబాయికి, ఎక్కడెక్కడి కాలువ పనులకో, డ్యాముల కట్టడాలకో వెళ్లినప్పుడూ ఇదే తంతు. బడి మొహం చూడనివాళ్లు ఆరు నెలల్లో మరాఠీయో హిందీయో పట్టుకుని వచ్చేవారు. భాష రాదన్న కారణంతో ఏ మేస్త్రీ వాళ్లను వెనక్కి పంపలేదు.

అదే హమాలీకి ఒక రాత్రి కడుపులో నొప్పి లేచిందనుకోండి. మంటా, పోటా, మెలిపెట్టినట్టుందా, వెన్నులోకి గుంజుతోందా అని డాక్టరు అడుగుతాడు. ఆ వంద మాటల్లో వీటిలో ఒక్కటీ లేదు. పేట్ మే దర్ద్ అన్న దగ్గర సంభాషణ ఆగిపోతుంది.

తేడా ఎక్కడుంది? మిల్లులో ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంది కాబట్టి చెరో మెట్టు దిగుతారు. దవాఖానలో, ఠాణాలో, తహసీల్ ఆఫీసులో, కోర్టులో అవసరం ఒక్కరిదే. కిటికీకి ఇవతల నిలబడ్డవాడిది. అవతల కూర్చున్నవాడు మెట్టు దిగకపోయినా వాడికి పోయేదేమీ లేదు. భాష వల్ల వచ్చే కష్టంలో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. దానికి లోకంలో 7,000 భాషలు ఉండటం కారణం కాదు, రెండు భాషలున్నా చాలు. ఒక్కటే ఉన్నా పుట్టగలదు. తెలుగువాడు తెలుగువాడికి రాసిన ఉత్తరంలో "పైన ఉదహరించిన సూచికను పురస్కరించుకుని తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని ఉంటే, పదో తరగతి చదివిన రైతు కూడా దాన్ని పట్టుకుని మీసేవ పిల్లవాణ్ని అడుగుతాడు: ఇంతకూ పనైనట్టా, కానట్టా?

దీనికి ఎదురుగా నారాయణపేట బజారును పెట్టి చూడాలి. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. మగ్గాలు నేసే ఇళ్లలో మరాఠీ వినిపిస్తుంది. యాద్‌గిర్, గుర్‌మిట్కల్ వైపు నుంచి వచ్చే రైతులు కన్నడంలో బేరమాడతారు. కలెక్టరాఫీసు పని తెలుగులో. పక్క కొట్లో దక్కనీ ఉర్దూ. ఆ దక్కనీలో వద్దనడానికి వాడే "నక్కో" మరాఠీ "నకో" నుంచి వచ్చిందే. చీరల కొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. యజమాని ఒక గిరాకీకి చీర అంచు చూపిస్తూ కన్నడంలో ధర చెప్పి, లోపలికి తిరిగి మరాఠీలో ఇంకో చీర తెమ్మని, ఫోనులో తెలుగులో నవ్వుతాడు. మధ్యలో ఎక్కడా ఆగి ఆలోచించుకోడు. ఎన్ని భాషలొచ్చని అడిగితే లెక్కపెట్టుకోవడానికి మాత్రం కాస్త తడబడతాడు. ఆ భాషల్లో కొన్నిటిని రాయలేడు కూడా. 2011 జనగణన ప్రకారం దేశంలో రెండు భాషలు మాట్లాడగలిగినవాళ్లు నాలుగో వంతు, మూడు వచ్చినవాళ్లు నూటికి ఏడుగురు. ఈ బజారులో ఆ లెక్క చెబితే నవ్వుతారు.

అక్కడ ఎవరూ తమ భాష వదులుకోలేదు, ఎవరి వ్యాపారమూ ఆగలేదు. భాషలు ఎక్కువైతే బతుకు బరువవుతుందన్న మాట, ఒక్క భాషతో పెరిగినవాళ్లు తమ కష్టాన్ని అందరికీ అంటగట్టి చెప్పిన మాటలా వినిపిస్తుంది.

సంస్థానం కథలోకి మళ్లీ వస్తే, ఒకే భాష పెట్టడం వల్ల వచ్చిన సులువు ఎంతకాలం నిలిచిందో తెలుస్తుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. ఉర్దూ మాధ్యమం. దేశభాషలో విశ్వవిద్యాలయ చదువు చెప్పడం అప్పటికి నిజంగా సాహసమే. శాస్త్ర గ్రంథాలను తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టారు. కాకపోతే నల్లగొండ పిల్లవాడికి ఇంగ్లిషు ఎంత దూరమో ఉర్దూ కూడా ఇంచుమించు అంతే దూరం. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటరులో, మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. 1926లో, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నవారికి జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపారు. జనసంఘం ఆంధ్ర మహాసభ అయింది, 1931లో దేవరకొండలో సభ జరిపింది, 1944లో భువనగిరి దాకా వచ్చేసరికి ఊరూరా సంగం అయి కూర్చుంది. ఆ తర్వాత జరిగింది సాయుధ పోరాటం. దానికి అసలు కారణాలు వెట్టి, భూమి. అయినా ఆ జనాన్ని మొదట ఒకచోట చేర్చింది భాష కడుపులో రగిలించిన మంటే.

1948 తర్వాత ఉర్దూ కుర్చీ కూడా కదిలింది. విశ్వవిద్యాలయం ఇంగ్లిషులోకి మారింది. కొలువు కోసం చిన్నప్పటి నుంచీ ఉర్దూ నేర్చిన ఒక తరం చదువు, ఉన్నట్టుండి సగం ధరకు పడిపోయింది. ఉర్దూ అఖబారు గడగడా చదివి, తెలుగులో సంతకానికి మించి రాయలేని పెద్దమనుషులు ఈ జిల్లాల్లో మొన్నమొన్నటి దాకా కనిపించేవారు. ఒకే భాష ఉంటే చాలనేవాళ్లు ఆ ఒక్కటీ ఎప్పటికీ మారదని అనుకుంటారు. సూర్యాపేట దగ్గర ఫణిగిరి గుట్ట మీద దొరికిన బౌద్ధ శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. ఒకప్పుడు దక్కను అంతటా రాజులకు, వర్తకులకు, భిక్షువులకు పనికొచ్చిన ఉమ్మడి భాష అది. ఇవాళ దాన్ని చదవడానికి మైసూరు శాసన శాఖ నుంచి పండితులు రావాలి. ప్రాకృతం, సంస్కృతం, ఫారసీ, ఉర్దూ, ఇంగ్లిషు, వరసగా ఇన్ని ఉమ్మడి భాషలు ఈ నేల మీదుగా పోయాయి. తెలుగు మాత్రం వాటన్నిటి కింద ఉంటూనే వచ్చింది. ఆ కుర్చీ దక్కకపోవడమే దాన్ని కాపాడిందేమో.

భాష ఒకటైతే కొట్లాటలు తగ్గుతాయన్న మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. రువాండాలో హుటూలూ టుట్సీలూ మాట్లాడేది ఒకే కిన్యార్వాండా. 1994లో ఆ భాషలోనే రేడియో ఎవరిని చంపాలో చెప్పింది. సోమాలియాలో దాదాపు అందరిదీ సోమాలీయే, 1991 నుంచి అది చీలికలు పేలికలే. నాలుగు భాషల స్విట్జర్లాండు నిమ్మళంగా ఉంది. ఉర్దూ ఒక్కదాన్నే అందరి మీదా రుద్దబోయిన పాకిస్తాన్‌కు 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో ఎదురైంది నెత్తురు, 1971లో ఎదురైంది కొత్త దేశం. అంత దూరం ఎందుకు, ఒకే తెలుగు అని 1956లో కలిసినవాళ్లు 2014లో విడిపోయారు. నీళ్లు, నిధులు, కొలువుల లెక్కలతో పాటు, సినిమాలో తెలంగాణ యాస ఎప్పుడూ రౌడీకో జోకరుకో ఇస్తారన్న బాధ కూడా ఆ ఉద్యమంలో గట్టిగానే పలికింది. భాష ఒకటైతే వెక్కిరింత యాస మీదికి దిగుతుంది, అంతే.

భాషలను నిజంగా తగ్గించడం కష్టం గానీ కాగితం మీద తగ్గించడం సులువే. 2011 జనగణనలో జనం తమ మాతృభాష అని చెప్పిన పేర్లు 19,569. వాటిని వడకడితే 1,369 మాతృభాషలు తేలాయి. పదివేల మందికి పైగా మాట్లాడేవాటిని తీసుకుని, గుంపులుగా కలిపి చివరికి 121 భాషలన్నారు. ఈ కలపడంలో లంబాడీ ఎటు పోయిందో చూడాలి. దేశంలో 32 లక్షల మందికి పైగా లంబాడీని మాతృభాషగా రాయించారు. పట్టికలో వాళ్లంతా హిందీ కింద ఉన్నారు. భోజ్‌పురి వాళ్ల 5 కోట్లు, రాజస్థానీ వాళ్ల రెండున్నర కోట్లు కూడా అక్కడే. హిందీ మొత్తం 52 కోట్ల పైచిలుకు, అందులో నికరంగా హిందీ అని చెప్పినవారు 32 కోట్లు. పట్టిక తయారుచేసినవారికి పని తేలికైంది. చందంపేట తండాలో ఉన్న యాడికి, అంటే అమ్మకు, హిందీలో అచ్చైన కరపత్రం ఇస్తే మాత్రం అటు తిప్పి ఇటు తిప్పి పొయ్యి రాజేసుకోవడానికి దాచుకుంటుంది.

లంబాడీల గోర్‌బోలి రాజస్థానీ, గుజరాతీలకు చుట్టం. మొగలు సైన్యాల వెంట ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కనుకు దిగినవాళ్ల భాష. వాళ్లింట్లో నీళ్లు పాణి, రొట్టె బాటి. ఐదేళ్ల పిల్ల ఈ మాటలతో అంగన్‌వాడీకి పోతుంది. అక్కడ అ అంటే అమ్మ. అమ్మ ఎవరో ఆ పిల్లకు తెలియదు, ఇంట్లో ఉన్నది యాడి. కొన్నాళ్లకు తెలుగు పట్టుబడుతుందనగా, 2022–23 నుంచి సర్కారు బడిలో ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. ఇప్పుడు ఏ ఫర్ ఆపిల్. దేవరకొండ సంతలో అప్పుడప్పుడు కనిపించే పండు అది. లెక్కలు రాని పిల్ల అని టీచరు రాసేది నిజానికి లెక్క అడిగిన భాష రాని పిల్ల గురించి కావచ్చు. తమకు అర్థమయ్యే భాషలో చదువు అందనివాళ్లు ప్రపంచంలో 40 శాతం ఉంటారని యునెస్కో 2016లో చెప్పింది. ఈ పిల్ల ఆ 40 శాతంలో ఒకతె.

రెండు తరాలు ఓర్చుకుంటే అందరూ ఒకే భాషలోకి వస్తారు కదా అంటారు. ఫ్రాన్సు అలాగే చేసింది. 1794లో అబ్బే గ్రెగ్వార్ అనే మతగురువు లెక్క తీస్తే, ఫ్రెంచిని సరిగా మాట్లాడగలిగినవారు 30 లక్షలే. దేశ జనాభా అప్పటికి రెండున్నర కోట్లు దాటింది. ఒకే భాష దేశంగా ఇప్పుడు కనిపించే ఫ్రాన్సు, బ్రెటన్ అనే ప్రాంతీయ భాష మాట్లాడిన పిల్లలను బళ్లో శిక్షిస్తూ వందేళ్లకు పైగా పట్టి తయారైంది. ఖర్చు ఉంది, దాన్ని పిల్లల పద్దులో రాశారు.

పోయేది ఇంటి మాటే కాదు. ఇండొనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో సముద్రం పొంగి ఊళ్లను ఊడ్చుకుపోయాక అక్కడివాళ్లు తమ భాషలో స్మాంగ్ అన్న మాటను పాటల్లో, కథల్లో పిల్లలకు నేర్పారు. భూమి గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే గుట్టెక్కమని దాని అర్థం. 2004 డిసెంబరు 26న భూకంపం పుట్టింది ఆ దీవి పక్కనే. దాదాపు 78,000 మంది ఉన్న దీవిలో చనిపోయినవారు ఏడుగురు. ఇండొనేషియా మొత్తంలో లక్షన్నరకు పైగా పోయారు. హెచ్చరిక ఇండొనేషియన్ భాషలో రాలేదు, ఇంగ్లిషులో అసలే రాలేదు. మన దగ్గర ప్రాణాల మీదికి వచ్చేంత పెద్ద మాటలు కావు గానీ ఇలాంటివే ఉన్నాయి. చెల్క, దుబ్బ, రేగడి, చౌడు, గరుసు అని నేలను వేరు చేసి చెప్పే రైతుకు, మిరుగు ముందా వెనకా ఏది వేయాలో ఆ మాటల్లోనే ఉంది. నేలల శాస్త్రం రాసినవాళ్లు ఇంగ్లిషు పుస్తకాల్లోనూ చెల్కను చల్కా అని అలాగే ఉంచేశారు. అదే పంటను ఒకచోట పల్లీ, గద్వాల వైపు బుడ్డలు అన్నందువల్ల మార్కెట్ యార్డులో ఎవరి కాంటా తప్పలేదు.

ఎక్కువ భాషలను మోయడానికి ఖర్చవుతుందన్నది నిజం. యూరోపియన్ యూనియన్ 24 అధికార భాషల్లో పని చేస్తుంది. తర్జుమాల మీద పెట్టేది దాని బడ్జెట్‌లో ఒక శాతం కూడా కాదు. ఇప్పుడు యంత్రం వచ్చి ఆ ఖర్చును ఇంకా దించుతోంది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి, ఫోనులో మాట్లాడితే ఇంకో భాషలోకి మార్చి వినిపించడానికే. యంత్రానికి మాత్రం ముందు పాఠాలు కావాలి, రాసినవీ మాట్లాడినవీ కుప్పలుగా ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకు ముందు వంతు. గోర్‌బోలి ఆ షెడ్యూలులో లేదు, సొంత లిపీ లేదు. కాబట్టి కష్టాన్ని యంత్రం తీసేస్తుందని ఇప్పుడే చంకలు గుద్దుకోనక్కర్లేదు. కిటికీ మారుతుంది, ఇవతల నిలబడేవాళ్లు చాలావరకు వాళ్లే.

ఒక మాట ఒప్పుకోవాలి. తండాలో తల్లిదండ్రులే పిల్లలతో తెలుగులో మాట్లాడటం మొదలుపెడితే వాళ్లను తప్పుపట్టే హక్కు బయటివాళ్లకు లేదు. బిడ్డ నౌకరి కోసం ఏ భాష కావాలో వాళ్లకు తెలుసు. అయితే ఒకటి నేర్వాలంటే ఇంకోటి వదలాలన్న షరతు వాళ్లు పెట్టుకున్నది కాదు. నారాయణపేట బజారులో ఎవరూ ఎవరికీ ఆ షరతు పెట్టలేదు. బడి పెట్టింది, ఆఫీసు పెట్టింది.

2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. బోర్డు మీద తండా పేరు తెలుగు అక్షరాల్లో ఉంది, సర్పంచి సంతకం తెలుగులో ఉంది, తీజ్ నాటి పాటలు మాత్రం గోర్‌బోలిలో ఉన్నాయి. 2027 జనగణన కోసం ఎన్యూమరేటరు ఆ గడపకు వచ్చినప్పుడు మాతృభాష ఏమిటని అడుగుతాడు. యాడి లంబాడీ అనే చెబుతుంది, అతను లంబాడీ అనే నమోదు చేస్తాడు. దాన్ని ఏ భాష కింద కలపాలన్నది ఢిల్లీలో తేలుస్తారు.